నీటిబొట్టులో ప్రాణం

అనగనగా సముద్రపు ఒడ్డున లవణపురి అని ఒక రాజ్యం, దానికి ధవళసేనుడని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిపివాడు చిత్రకేతు, చిన్నవాడు సోమకేతు.

ఒక ఏడు ఎండాకాలంలో ఆ రాజ్యంలో గాలి ఆగిపోయింది. ఆకు కదలదు, అల లేవదు. ఉతికిన బట్టలు దండేల మీదే ఉండి ముక్కవాసన కొట్టాయి. పెట్టిన వడియాలకి బూజు పట్టింది. ఎండేసిన చేపలు కుళ్ళిపోయాయి. ఉప్పుమళ్ళలో నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి, గుప్పెడు ఉప్పు తేలలేదు. జనానికి చెమట పడుతుంది గాని ఆరదు. ఒళ్ళంతా జిగట, లోపలంతా ఉడుకు.

అంతలో రాజుగారికి జ్వరం వచ్చింది. రాణిగారు నుదుటి మీద తడిగుడ్డ వేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ వేశారు. జ్వరం దిగలేదు.

"గుడ్డ వేడెక్కుతోంది గాని ఆయనకి చల్లబడటం లేదేమిటి?" అని రాజవైద్యుణ్ణి అడిగారు.

"మహారాణీ! చల్లదనం గుడ్డలో లేదు, గుడ్డ ఆరడంలో ఉంది. నీరు కంటికి కనపడని ఆవిరై లేచిపోతూ ఒంట్లో వేడిని తనతో పట్టుకుపోతుంది. ఇప్పుడు గాలినిండా తేమే. ఆ గాలి కదిలి వేరే గాలి వస్తే గాని ఈ తడి ఆరదు. తడి ఆరితే గాని జ్వరం దిగదు" అన్నాడు వైద్యుడు.

ఏడు సముద్రాల అవతల కంబుకేశి అనే మాంత్రికుడు గాలిని గుహలో పెట్టి బండ మూశాడని ఓడవాళ్ళు చెప్పారు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు కాగడా పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నవాడు బయల్దేరుతుంటే రాణిగారు చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు కూడానా, నాయనా?"

"నాన్నగారు అలా మూలుగుతుంటే ఇంట్లో ఎలా కూచోనమ్మా?" అన్నాడు సోమకేతు.

గాలి లేదు కాబట్టి తెరచాప పనికిరాదు. తెడ్లు వేసుకుంటూ ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. దారిలో ఒక రాతి మీద నీటికాకి ఒకటి రెక్కలు బారజాపి నీరసంగా కూచుని ఉంది. సోమకేతు దానికి చేప పెట్టాడు.

"రెక్కలు అలా చాపుకున్నావెందుకు?"

"ముడుచుకుంటే తడి లోపలే ఉండిపోతుంది బాబూ. ఎంత వెడల్పుగా పరిస్తే అంత తొందరగా ఆరుతుంది. ఇప్పుడు గాలే లేదు, ఎగరలేక చస్తున్నాను" అని నీటికాకి పడవెక్కింది.

ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడి దీవి చేరారు. ఒడ్డున ఒక నత్త వెల్లకిలా పడి ఉంది. సోమకేతు దాన్ని సరిగ్గా తిప్పి పెట్టాడు.

"బతికించావు! ఎండ తగలగానే నేను తలుపు వేసేసుకుంటాను. తలుపు వేసుంటే తడి ఎక్కడికీ పోదు, తీశానో ఎండిపోతాను" అంది నత్త.

ఇంకాస్త ముందుకి వెళ్తే గుహ ముందు గొలుసులతో కట్టేసిన ఏనుగు కనిపించింది. ఊరికే చెవులు ఊపుతోంది. సోమకేతు గొలుసు విప్పాడు.

"ఈ చెవులతో విసురుకుంటేనే నాకు చల్లన. లోపలున్న గాలిని వదిలిపెడితే ఇంకా బాగుంటుంది. నువ్వు ఎప్పుడంటే అప్పుడు ఈ బండ దొర్లిస్తాను" అంది ఏనుగు.

"పిలుస్తాను, ఉండు" అని సోమకేతు పక్కనే ఉన్న మాంత్రికుడి కోటలోకి నడిచాడు.

చీకటి గదిలో కువలయ అనే రాజకుమారి కూచుని ఉంది. మాంత్రికుడు ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చి ఆమెని ఒక గాజు భరిణెకి కాపలా పెట్టాడు. భరిణెలో ఒకే ఒక నీటిబొట్టు. మూత బిగించి ఉంది.

"వాడి ప్రాణం ఇదే. చిలకలో దాచుకుంటే ఎవరో ఒకరు మెడ విరిచేస్తారు, నీటిబొట్టు మెడ ఎవరు విరుస్తారని వాడి ధీమా. కాని ఎప్పుడు ఆరిపోతుందోనని భయం. ఆ భయంతోనే గాలిని బంధించాడు. నేను ముట్టుకుంటే చేతులు చచ్చుబడేలా మంత్రం వేశాడు" అంది కువలయ.

"మా అన్నలేరీ?"

ఆమె గుమ్మం దగ్గరున్న రెండు రాళ్ళు చూపించింది. "పెద్దాయన బొట్టుని కత్తితో నరికాడు. రెండు బొట్లయి మళ్ళీ కలిసిపోయాయి. రెండో ఆయన భరిణెకి కింద మంట పెట్టాడు. బొట్టు ఆవిరై లేచింది, మూతకి తగిలి మళ్ళీ నీరై కింద పడింది. ఇద్దర్నీ రాళ్ళు చేశాడు."

సోమకేతు కాసేపు ఆలోచించాడు. నత్త మాట గుర్తొచ్చింది, మూత తీశాడు. మిట్టమధ్యాహ్నం, మాంత్రికుడు భోంచేసి నిద్రపోతున్నాడు. భరిణెని ఎండలోకి తెచ్చి కాలే బండ మీద బొట్టు వంచాడు. నీటికాకి మాట గుర్తొచ్చింది, వేలితో దాన్ని పల్చగా పరిచాడు. అప్పుడు "ఏనుగన్నా!" అని గట్టిగా కేక పెట్టాడు.

గుహకి మూసిన బండ దొర్లింది. గాలి ఒక్కసారిగా హోరుమని బయటికి వచ్చింది. బండ మీది తడి అంచుల నుంచి తగ్గడం మొదలుపెట్టింది.

కంబుకేశి లేచి పరిగెత్తుకొచ్చాడు. తాటిచెట్టంత వాడు గుమ్మం దాటేసరికి మనిషంత అయ్యాడు, దగ్గరికొచ్చేసరికి మోకాలెత్తు అయ్యాడు.

"ఎండకి చెయ్యి అడ్డం పెట్టు! లేకపోతే మీ అన్నలు ఎప్పటికీ రాళ్ళే!" అని అరిచాడు.

సోమకేతు తొణక్కుండా, "ముందు వాళ్ళని లేపు. తర్వాత అడ్డం పెడతాను" అన్నాడు.

మాంత్రికుడు మంత్రం చదివాడు. రాళ్ళు మనుషులయ్యాయి. సోమకేతు మాట తప్పలేదు, చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండ ఆగింది. కాని గాలి ఆగలేదు. నీడలో తడి కూడా గాలికి ఆరుతుందిగా! కాస్త ఆలస్యమైందంతే. మాంత్రికుడు పిడికిలంత అయ్యాడు, గోరంత అయ్యాడు, మాయమయ్యాడు. బండ మీద నల్లటి మరక మాత్రం మిగిలింది.

నీటికాకి రెక్కలారి ఎగిరిపోయింది. ఏనుగు కడుపునిండా గాలి పీల్చుకుని అడవిలోకి వెళ్ళింది. తెరచాపలెత్తి నలుగురూ లవణపురికి వచ్చారు. అప్పటికే అక్కడ గాలి వీచి రాజుగారి జ్వరం దిగింది, పక్క మీద కూచుని జావ తాగుతున్నారు. అన్నలిద్దరూ జరిగిందంతా దాచకుండా చెప్పి, "కిరీటం తమ్ముడికే పెట్టండి" అన్నారు.

పెళ్ళి పందిట్లో సోమకేతు కువలయకి తాళి కట్టిన కాసేపటికే మబ్బు పట్టి వాన మొదలైంది. ఎవరో, "ఆవిరైన నీరే వానవుతుంది కదా! వాడి ప్రాణం ఇందులో కలిసిందేమో!" అన్నారు. అంతే, జనం చూరుల కిందికి పరిగెత్తారు. ఒక్కరూ వానలో తడవలేదు, ఒక్కరూ దోసిలి పట్టలేదు.

కువలయ పందిట్లోంచి బయటికి నడిచింది.

"సముద్రపు నీళ్ళు ఎండితే ఉప్పు ఎక్కడుంటుంది?" అని అడిగింది.

"మడిలోనే ఉంటుందమ్మా, పైకి పోయేది నీరే" అంది ఒక ముసలావిడ.

"వాడి పాపిష్టితనం కూడా ఆ బండ మీదే ఉండిపోయింది" అని కువలయ దోసిలి పట్టి వాననీళ్ళు గుటగుటా తాగింది. జనం చూరుల కిందనుంచి తొంగి చూశారు.

"తియ్యగా ఉన్నాయి, రండి" అంది.

ముందు పిల్లలు దూకారు, తర్వాత పెద్దలు, చివరికి పురోహితుడు కూడా. సోమకేతు, కువలయ తలలు నెరిసేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు. వాళ్ళ కాలంలో ఏటా తొలివాన పడిన రోజున రాణిగారు వాకిట్లోకి వచ్చి, అందరికన్నా ముందు దోసిలి పట్టేవారట.