వాసుకి తోకలో పగులు

పెద్దాపురం కంసాలి వీధిలో కాళహస్తాచారి అనే గొప్ప పనివాడు ఉండేవాడు, కాని తన తప్పు ఒప్పుకోవడం మాత్రం అతనికి చచ్చినా చేతనయ్యేది కాదు.

పురాణాలంటే అతనికి ప్రాణం. వెండి రేకు మీద గరుత్మంతుణ్ణి చెక్కితే రెక్కల్లో ఒక్కో ఈకా విడిగా కనిపించేది. నగ వంకరపోతే వెండి మంచిది కాదనేవాడు, పూత మాసిపోతే పెట్టుకున్నవాళ్ళ చెమట మంచిది కాదనేవాడు. అతని పని అంత బాగుండేది కనుక జనం కూడా సరేలెమ్మని ఊరుకునేవారు.

ఒకనాడు సుభాషిణి అనే టీచరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు కౌముది. మొదటిసారి వేదిక ఎక్కి క్షీరసాగర మథనం నాట్యం ఆడబోతోంది. దానికి వడ్డాణం కావాలి.

"వాసుకి నా నడుముకి చుట్టుకున్నట్టే ఉండాలండి," అంది కౌముది.

ఆ మాట ఆచారికి తెగ నచ్చింది. మధ్యలో మందర పర్వతం, తల వైపు రాక్షసులు, తోక వైపు దేవతలు. రేకును లక్క మీద పరిచి, ఉలితో ఒక్కో బొమ్మా లేపుతూ వచ్చాడు. అయితే వెండి దెబ్బలు తినేకొద్దీ మొండికేస్తుంది. మధ్యమధ్య లక్క మీంచి తీసి, నిప్పుల్లో కాచి మెత్తబరచాలి. ప్రదర్శనకు ముందురోజు తోక దగ్గరికి వచ్చేసరికి ఇంకోసారి కాచడానికి అతనికి బద్ధకం వేసింది. ఇన్నేళ్ళ చెయ్యి, ఆ మాత్రం చూసుకోలేనా అనుకుని సుత్తి వేశాడు. తోక అడ్డంగా చిట్లింది.

టంకం పెట్టి అతికితే బాగుపడుతుంది, కాని రేపటికి అందదు. ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆ చెప్పడమే కదా అతనికి రానిది. గబగబా వెనక నుంచి లక్క నింపి, రేకు మూసి, పైన బంగారు పూత వేశాడు. పగులు కంటికి కనిపించలేదు.

అతని భార్య మాణిక్యాంబ వడ్డాణాన్ని కుంకుడు నురుగుతో కడిగి తుడుస్తూ, "ఏవండీ, తోక దగ్గర గుడ్డ పోగు పట్టుకుంటోంది," అంది.

"ఇంకా మెరుగు పెట్టలేదు."

"మెరుగు పెట్టాకే కదా నాకిచ్చారు."

"నా పనికి నువ్వు వంకలు పెట్టేదాకా వచ్చిందా?" అని అతను వడ్డాణం లాక్కున్నాడు. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ వడ్డాణం పెట్టిన పెట్టె వైపే చూశాడు.

మర్నాడు పొద్దున్నే సుభాషిణి వచ్చింది. వడ్డాణం చూసి మురిసిపోయింది. "జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి ఆచారిగారూ. పిల్లకి ఇదే మొదటిసారి," అంది.

నిజం అతని నాలుక చివరిదాకా వచ్చింది. "మరీ బిగించొద్దని చెప్పండి," అన్నాడు. ఆ తరవాత పనిలో మనసు నిలవలేదు. వెళ్ళి తెచ్చేసుకుందామని రెండుసార్లు చెప్పులేసుకున్నాడు, రెండుసార్లూ విడిచేశాడు.

సాయంత్రం ముందు వరసలో కూర్చున్నాడు. జనమంతా పిల్ల ముఖం చూస్తుంటే అతను నడుమే చూస్తున్నాడు. మద్దెల జోరందుకుంది. పాటలో దేవతలు లాగుతున్నారు, రాక్షసులు లాగుతున్నారు, పిల్ల నడుము అటూ ఇటూ తిరుగుతోంది. పగులు దగ్గర తోక విరిగి పక్కలో గుచ్చుకుంది. ఒక్కసారి ఆమె ముఖం ముడుచుకుపోయింది. వెంటనే నవ్వు తెచ్చిపెట్టుకుని ఆడింది. చివరిదాకా ఆడింది. పసుపు పట్టుబట్ట మీద ఎర్రటి మరక పెద్దదవుతుంటే చూసినవాడు అతనొక్కడే.

ఆచారి తెర వెనక్కి పరిగెత్తాడు. సుభాషిణి కూతురి పక్కకి దూది అదిమిపెట్టి, ఏడుస్తూనే తిడుతోంది. "బిగించొద్దని ఆయనన్నారని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే!"

అతన్ని చూసి కౌముది లేచి నిలబడింది. "తప్పు నాదేనండి. జారిపోతుందేమోనని భయపడి కాస్త బిగించాను. మీ పనంతా పాడుచేశాను," అంది. ఆ గాయంతోనే వంగి అతని కాళ్ళకి దండం పెట్టబోయింది.

ఆచారి వెనక్కి తగ్గాడు. "వద్దమ్మా. నువ్వు బిగించినందుకు కాదు. నిన్న నా చేతిలోనే పగిలింది. తెలిసే ఇచ్చాను," అన్నాడు.

సుభాషిణి అతని వైపు తిరిగింది. "పొద్దున అడిగాను కదండీ మిమ్మల్ని," అంది.

ఆచారి ఆ విరిగిన వడ్డాణాన్ని వెనక్కి తీసుకున్నాడు. పిల్ల గాయం మానింది, మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆచారి ఆ వడ్డాణాన్ని కరిగించి, మళ్ళీ మొదటినుంచీ చేసి పట్టుకెళ్ళాడు. కౌముది రెండు చేతులా అందుకుంది. సుభాషిణి దాన్ని తిప్పి, తోక మీద తన పైట చెంగుతో మెల్లగా రాసి చూసింది. అతను తలవంచుకుని నిలబడ్డాడు.

పిల్లలూ, తప్పు చేసినవాడు దాన్ని దాచిపెడితే అది మాయమైపోదు. దాని శిక్ష ఏ పాపం తెలియని వాళ్ళ మీద పడుతుంది.