మొగ మూయించిన చెంగమ్మ

అనగనగా అటు ఉప్పునీళ్ళు, ఇటు ఉప్పునీళ్ళు, మధ్యలో ఇసుకదిబ్బ మీద ఒక ఊరు. అటుపక్క సముద్రం. ఇటుపక్క మొలలోతు పెద్ద మడుగు. రెంటినీ కలుపుతూ ఒక గండి. దాన్ని మొగ అంటారు పాపా. పోటు వస్తే సముద్రం నీళ్ళు మొగలోంచి మడుగులోకి వచ్చేవి. పాటు వస్తే మడుగు నీళ్ళు సముద్రంలోకి పోయేవి.

మడుగు గట్టున చెంగమ్మ ఉండేది. ఆవిడది గట్టి చెయ్యి, అంతకన్నా గట్టి నోరు. ఆ నోటికి ఊరంతా జడిసేది. కూతురు వజ్రాన్ని సముద్రం ఒడ్డున ఉండే ఏకాంబరం కొడుక్కిచ్చింది. ఇచ్చిందేగానీ, పిల్ల పుట్టింటికొచ్చి వెళ్ళేటప్పుడు బుట్టలో ఏం పట్టుకెళ్తోందోనని మూత తీసి చూసేది.

ఒకరోజు చెంగమ్మ మొగ దగ్గర కూర్చుని పళ్ళు తోముకుంటోంది. అప్పుడు పాటు మొదలైంది. చిక్కటి నీళ్ళూ, చివికిన నాచూ, బలిసిన రొయ్యలూ అన్నీ సముద్రంలోకి జారిపోతున్నాయి. ఆవిడ గబుక్కున లేచి, మన మడుగు సారమంతా వియ్యంకుడి వలలోకి పోతోందని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఆ తర్వాత ఊరందరి చేతా తాటిమొద్దులు వేయించి, ఇసుక బస్తాలు పేర్పించి, మొగ మూయించేసింది. ఏకాంబరం పరిగెత్తుకొచ్చి వద్దన్నాడు. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు పెరిగేది మడుగులో, దారి మూస్తే ఇద్దరికీ లేకుండా పోతుందన్నాడు. చెంగమ్మ వింటేనా?

మొదట్లో రొయ్యలే రొయ్యలు. పొద్దున రొయ్యలు, రాత్రి రొయ్యలు. అందరూ చెంగమ్మని మెచ్చుకున్నారు.

ఆ తర్వాత రొయ్యలు అయిపోయాయి. కొత్తవి రాలేదు.

ఆ తర్వాత నీళ్ళు పచ్చబడి, నురగ కట్టి, కంపు మొదలైంది. అందరూ ముక్కూ నోరూ గుడ్డతో కట్టేసుకున్నారు. చెంగమ్మా కట్టుకుంది. దాంతో ఆవిడ ఏం తిట్టేదీ ఎవరికీ తెలిసేది కాదు. చేపలు వెల్లకిలా తేలాయి. కొంగలు కూడా ఒక్క ముక్క రుచి చూసి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని, ఎగిరిపోయాయి.

అప్పుడు వజ్రం వచ్చింది. చంకలో పసిబిడ్డ. బిడ్డ ఏడుస్తోంది.

"మా మామ వలలో కూడా ఏమీ పడట్లేదమ్మా. బాలింతను, కూరకి ఒక్క చేప లేదు. పాలు చాలడం లేదు" అంది.

చెంగమ్మ ముక్కు గుడ్డ విప్పి మనవరాలి కళ్ళు తుడిచింది. పార భుజాన వేసుకుని మొగ దగ్గరికి పోయింది. తను మూయించింది తనే తియ్యాలని ఎవరినీ పిలవలేదు. ఒక బస్తా లాగింది. రెండో బస్తా లాగింది. మూడో బస్తా మీద నిలబడి మూడో బస్తానే లాగింది.

ఇంకేముంది? పాటు వేళాయె. నీళ్ళు ఒక్కసారిగా బుస్సుమన్నాయి. నాచూ, బురదా, చెంగమ్మా కలిసి సముద్రంలోకి పోయారు.

అప్పుడే ఏకాంబరం వల లాగుతున్నాడు. వల కదల్లేదు. ఇంటిల్లిపాదీ పట్టి లాగారు. చూస్తే లోపల చెంగమ్మ. తలనిండా నాచు, కొంగుకి వేలాడుతూ ఒక పీత.

"మా వల ఇంత బరువెక్కి చాన్నాళ్ళయింది, చెల్లెమ్మా" అన్నాడు ఏకాంబరం.

చెంగమ్మ నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "నవ్వుతువుగాని అన్నయ్యా, ముందు ఈ పీత తీసి పిల్లకి పులుసు పెట్టించు" అంది.

ఆ తర్వాత పోటు వచ్చింది. ఏకాంబరం ఆవిణ్ణి పడవెక్కించి మొగలోంచి తీసుకెళ్ళాడు. పడవ చుట్టూ వెంట్రుకంత సన్నటి రొయ్యపిల్లలు, కళ్ళు తప్ప ఒళ్ళు కనపడనివి, మడుగులోకి పోతున్నాయి. చెంగమ్మ పడవ అంచున వాలి, వాటికి తగలకుండా తెడ్డు మెల్లిగా వెయ్యమని దారంతా వియ్యంకుణ్ణి సాధిస్తూనే ఉంది.

పాటుకి పోయె చెంగమ్మ,
పోటుకి వచ్చె చెంగమ్మ.
పాటు నీళ్ళతో కథ కంచికి,
పోటు నీళ్ళతో మనం ఇంటికి.