పెరుగు వడ్డన

కేదారేశం చిరచిరలాడుతూ గురువుగారి దగ్గరికి వచ్చాడు. ఆశ్రమం బళ్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది అతనే.

"తొమ్మిదో తరగతి నిన్న బడి పైకప్పు లేచిపోయేలా అల్లరి చేసింది స్వామీ. రేపటి పడవ ప్రయాణం రద్దు చేశాను. అరిచింది కొందరే కదండీ అని అందరూ ఏడుపు మొహాలు పెట్టారు."

"నువ్వేమన్నావు?"

"ఇంగ్లీషులో క్లాసన్నా, టీమన్నా, ఫ్యామిలీ అన్నా ఏకవచనమే అన్నాను. గుంపులో ఎవరి సంగతి వాళ్లదైనప్పుడు బహువచనం కూడా వాడొచ్చని ఏదో పుస్తకంలో ఉంది. అదంతా గందరగోళమని కొట్టేశాను. తరగతి ఒకటే, శిక్షా ఒకటే."

విమలానందస్వామి బుద్ధిగా తలూపారు. గోదారి గట్టు మీది ఆ ఆశ్రమంలో ఆయన బుద్ధిగా తలూపారంటే ఎవరికో మూడిందని అర్థం.

"భోజనాల వేళయింది. ఈ పూట పెరుగు నువ్వు వడ్డించు," అన్నారు. "బంతి కూడా ఒకటేగా. మొదటాయన్ని అడిగితే చాలు."

బంతిలో మొదట కూర్చున్నది పడవ నడిపే పోలయ్య. "దండిగా వెయ్యండి బాబూ," అన్నాడు. కేదారేశం అందరికీ దండిగా వేసుకుంటూ పోయాడు.

జలుబు చేసిన సుందరమ్మగారు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టారు. పెరుగు చేతుల మీదే పడింది. లెక్కల మాస్టారు ఇంకా పప్పన్నంలోనే ఉన్నారు. ఆయనకి పప్పులోనే పడింది. "నాకు మజ్జిగ చాలయ్యా" అంటున్న ముసలాయన మాట పూర్తయ్యేలోపు విస్తరి నిండిపోయింది. బంతంతా ఒకటే నవ్వు. కేదారేశానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తినడం అయిపోయినవాళ్లు కూడా లేవలేదు. పళ్లు లేని సుందరమ్మగారు నిదానంగా ముగించేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. ఆవిడ అయిందనిపించాక అందరూ ఒక్కసారే లేచారు.

కేదారేశం ఖాళీ బకెట్టుతో నిలబడి అడిగాడు. "ఇంతకీ బంతి ఒకటా, చాలామందా స్వామీ?"

"లేచేటప్పుడు ఒకటే నాయనా. వడ్డించేవాడికి మాత్రం ఎన్ని విస్తళ్లుంటే అంతమంది."

అతను బకెట్టు కింద పెట్టాడు. తర్వాత పోలయ్య దగ్గరికెళ్లి, రేపు పొద్దున్నే పడవ తెమ్మని చెప్పి, బడివైపు నడిచాడు.

వెనకనించి స్వామి పిలిచారు.

"ఒరేయ్ కేదారేశం, ఆ అరిచినవాళ్లని కూడా ఎందుకు అరిచారో విడివిడిగానే అడుగు."