ముళ్ళపంది పొయ్యిలో నీలిమంట

ఈతకోన అడవిలో కుందేళ్లు, జింకలు, ఉడుతలు బోలెడు. అక్కడే ఒక నేరేడు చెట్టు మీద సింగారి అనే కొండముచ్చు, ఆ పక్క గుహలో ఒక ముళ్ళపంది ఉండేవి.

సింగారి టెక్కు అంతా ఇంతా కాదు. తిన్న పండ్ల తొక్కలు, మారేడు డిప్పలు, మిగిలిన కూడు అన్నీ చెట్టు కిందికే విసిరేది. ముళ్ళపంది మాత్రం బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగి తొక్కలు అడిగేది.

"పెంట మోసేవాళ్లతో నాకు మాటలేంటి? పో, పో!" అని సింగారి కసిరేది.

ఇంతలో ముసురు పట్టింది. నాలుగు రోజులు వాన ఆగలేదు. సింగారి బిడ్డ చిట్టికి ఒళ్లు కాలిపోతోంది. పాపం, వేడి గంజి తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. కట్టెలేమో తడిసి ముద్దయ్యాయి. ఊదీ ఊదీ సింగారి కళ్లు మండాయి గానీ పొయ్యి మండలేదు.

నిప్పు అడుగుదామని బిడ్డను చంకనేసుకుని ముళ్ళపంది గుహకు పరుగెత్తింది. లోపలికి తొంగి చూడగానే వెనక్కి గెంతింది! పొయ్యిలో ఒక్క కట్టె లేదు. పొగ లేదు. నీలిమంట మాత్రం భగభగా మండుతోంది.

"ఓరి నాయనో! కొరివి దయ్యం!"

"దయ్యం కాదమ్మాయ్, కుందేలు వాళ్లింటి అరటి తొక్కలు" అంది ముళ్ళపంది, గంజి కలుపుతూ.

"తొక్కలు మండడమేంటి మామా! నాకు మతి పోతోంది!"

ముళ్ళపంది మూత బిగించిన పెద్ద బానను చూపించింది. "తొక్కలు, కూడు, కాస్త దున్నపేడ, నీళ్లు కలిపి ఇందులో మూసిపెడతాను. లోపల మురిగి గ్యాస్ పుడుతుంది. ఈ వెదురుగొట్టంలోంచి పొయ్యికొస్తుంది. అడుగున మిగిలిందంతా నా ఆనపపాదుకు ఎరువు."

బయట పాదు నిండా కాయలే. సింగారి గుడ్లప్పగించి చూసింది.

ముళ్ళపంది గంజి గిన్నె అందించి, మెల్లగా అడిగింది. "నీ చెట్టు కింద డిప్పల్లో తొలకరి నుంచీ నిలిచిన నీళ్లు చూశావా అమ్మాయ్? చిట్టిని కుట్టి మంచాన పడేసిన దోమలు అక్కడే పుట్టాయి."

సింగారి బిడ్డను గుండెకు హత్తుకుంది. బిడ్డకు జ్వరం తెచ్చింది తన చేత్తో విసిరిన చెత్తే! "ఎంత పని చేశానురా తండ్రీ!" అని గొల్లుమంది.

వేడి గంజి కడుపున పడ్డాక చిట్టికి చెమట పట్టింది. కాసేపటికి కళ్లు తెరిచింది.

మర్నాడు అడవంతా నోరెళ్లబెట్టింది. సింగారి నెత్తిన చెత్తబుట్ట పెట్టుకుని అందరి ముందు నుంచే ముళ్ళపంది గుహకు నడిచి వెళ్లింది. ఎవరు నవ్వినా అది తల తిప్పలేదు.

నీతి: పారేసిన చెత్త ఇంటికి రోగం; పనికి పెట్టిన చెత్త పొయ్యికి మంట, పాదుకు బలం.