మాణిక్యం నరికిన పొద

అనగనగా కొండకింద ఒక ఊరుండేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను. ఆ ఊళ్ళో ప్రతి పొలానికీ కొండ వైపున ఒక పొద ఉండేది. మడికి నీళ్ళు ఊరేది ఆ పొద వేళ్ళ కిందే. దాన్ని దున్నరు, కొయ్యరు. విత్తనాలు జల్లేరోజు ఒక గుప్పెడు అందులోకి విసిరి, "నీ పాలు నీకు, మా పాలు మాకు" అని వెనక్కి చూడకుండా వచ్చేస్తారు.

ఆ ఊరికి మాణిక్యం కోడలుగా వచ్చింది. ఆవిడది కాలవల కింది ఊరు, మన వైపేలే. మనవాళ్ళ సంగతి తెలుసుగా, గట్టు మీద కూడా కంది పెట్టందే తోచదు. అంత నేల ఊరికే వదిలెయ్యడం చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"అది మనది కాదమ్మీ" అంది అత్త నరసాయమ్మ.

"మరి ఎవరిదత్తా?"

అత్త మాణిక్యం ఒళ్ళోని చంటిపాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు మాణిక్యం కొడవలి పట్టుకెళ్ళి పొద నరికేసింది. మర్నాడు చూస్తే, అలికిన వాకిట్లో ముళ్ళమొక్క మొలిచి ఉంది. పీకి పారేసింది. ఆ తర్వాత పొద వేళ్ళు తవ్వేసింది. తెల్లారేసరికి పొయ్యిలో బూడిదలోంచి పచ్చటి తీగ లేచింది. "ఇంక దాని జోలికెళ్ళకమ్మీ" అంది అత్త. మాణిక్యం మొండిఘటం కదా, వినలేదు. ఆ తర్వాత అక్కడ కంది విత్తింది.

మర్నాడు పాప పాలకి ఏడవలేదు. వెళ్ళి చూస్తే ఉయ్యాల నిండా చిగుళ్ళు. పాప గుప్పిట్లో తడిమట్టి. ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది.

"దాని చోటు నువ్వు తీసుకున్నావు. నీ చోటు అది తీసుకుంటంది" అంది అత్త.

అప్పుడు మాణిక్యం పొలానికి పరుగెత్తింది. గింజలన్నీ ఏరేసింది. నరికిన కొమ్మలే తెచ్చి ఏడుస్తూ నాటింది. "నీ పాలు నీకే. నా పిల్లని నాకిచ్చెయ్యి" అంది.

ఇంటికొచ్చేసరికి ఉయ్యాల్లో చిగుళ్ళు ఎండిపోయాయి. పాప వెచ్చబడి పాలకి ఏడ్చింది. మాణిక్యం గుండెకి హత్తుకుని వదల్లేదు.

పొద మళ్ళీ పెరిగింది. పాపకి మాటలొచ్చే ఈడూ వచ్చింది. ఒక సాయంత్రం పాపని చంకనేసుకుని మాణిక్యం గట్టు మీద నిలబడింది. పాప నవ్వుతూ మొట్టమొదటిసారి "అమ్మా" అంది. మాణిక్యం మురిసిపోయి పాప మొహంలోకి చూసింది.

పాప ఆవిడని చూడటంలేదు. పొద వైపు రెండు చేతులూ చాచి పిలుస్తోంది.

కథేమో కంచికి, నీళ్ళేమో మడికి,
పొదేమో కొండకి, నువ్వేమో నిద్దరకి.