మంగతాయారు ఇంటి గుమ్మడికాయ పులుసు

ఇలా దగ్గరికి జరుగు బంగారం, దుప్పటి తన్నెయ్యకు. అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో మంగతాయారు అనే ఆవిడ ఉండేది. ఆవిడ కోడలు కోటేశ్వరి. పల్నాడు పిల్ల, అంటే కారం తిని పెరిగిన పిల్ల.

ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, మనసు బాగోకపోయినా పొయ్యి మీద గుమ్మడికాయ పులుసే ఉడికేది. మంగతాయారుకి వాళ్ళ అత్తగారు నేర్పిన పులుసది. గుప్పెడు చింతపండుకి గుప్పెడు బెల్లం. ఆ కొలత మార్చడానికి వీల్లేదు. అత్తగారు పోయారు గానీ, ఆవిడ బెల్లం మాత్రం గిన్నెలోంచి పోలేదు!

కోటేశ్వరికి పులుసులో తీపి తగిలితే ముద్ద గొంతు దిగేది కాదు. కానీ అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తుంటే కాదనలేక, "బాగుంది అత్తయ్యా" అనేది. ఆ మాటకి మంగతాయారు మురిసిపోయి ఇంకో గరిటె పోసేది. చూశావా, మొహమాటం ఎంత పని చేస్తుందో!

ఆ తర్వాత కోటేశ్వరి నెల తప్పింది. వేవిళ్ళు పట్టుకున్నాయి. తిన్నది నిలవదు, మంచం దిగబుద్ధి కాదు. మంత్రసాని వచ్చి చూసి, "ఈ పిల్ల ఇలా తిండి మానేస్తే కడుపులో బిడ్డకి కష్టమమ్మా" అంది. మంగతాయారు గుండెల్లో రాయి పడింది.

అప్పుడు ఆవిడ పులుసు పెట్టింది. కోటేశ్వరి కాస్త తిని, బాగుందని చెప్పి, పెరట్లోకి పరిగెత్తింది. మర్నాడు లేత గుమ్మడికాయ తెప్పించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెరడే. ఆ తర్వాత, పిల్లకి నచ్చిందే కదా అని, పిచ్చి తల్లి, ఇంకో బెల్లం గడ్డ ఎక్కువ వేసింది! ఈసారి వాసనకే కోటేశ్వరికి కడుపులో తిప్పేసింది.

ఆ సాయంత్రం మంగతాయారు వంటింట్లోకి వెళ్తే, కోడలు ఓ మూల కూర్చుని చద్దన్నంలో కారప్పొడి కలుపుకుని ఆవురావురుమంటూ తింటోంది. అత్తగారిని చూడగానే కంచం కొంగు కింద దాచేసింది.

"ఎందుకే దాస్తావు? నా పులుసు నచ్చలేదని ఒక్క మాట చెబితే నిన్ను కొరికేస్తానా?"

"మీరు అంత ప్రేమగా పెడుతుంటే ఎట్లా చెప్పమంటారు అత్తయ్యా?" అని కోటేశ్వరి భోరుమంది.

మంగతాయారుకీ ఏడుపు ఆగలేదు, పాపం. ఆ తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని, పొయ్యి ముందు పీటేసి కూర్చోబెట్టింది. "ముక్కలు నేను తరిగి ఇస్తాను. మిగతాదంతా నీ ఇష్టం. నీ నోటికి ఎలా ఉంటే దిగుతుందో అలా చెయ్యి" అంది.

కోటేశ్వరి బెల్లం డబ్బా జోలికే పోలేదు. చింతపండు రసంలో ఎర్రగా కారం వేసింది. అప్పుడు వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరపకాయలతో ఘాటుగా తాలింపు పెట్టింది. ఇంటిల్లిపాదికీ దగ్గులే! ఆ తర్వాత వేడన్నంలో పోసుకుని కంచం ఖాళీ చేసింది. పెరట్లోకి పరిగెత్తలేదు. కడుపు మీద చెయ్యేసుకుని హాయిగా త్రేన్చింది.

అప్పుడు మంగతాయారు కూడా ఓ ముద్ద కలుపుకుంది. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. అయినా ఆగలేదు. ఇంకో ముద్ద, ఆ తర్వాత ఇంకోటి.

"మరీ కారంగా ఉందా అత్తయ్యా? బెల్లం వెయ్యనా?" అంది కోటేశ్వరి కంగారుగా.

"వద్దే తల్లీ" అంది మంగతాయారు, కళ్ళు తుడుచుకుంటూ. "తీపి పులుసు నాకూ ఏనాడూ సయించలేదు. మా అత్తగారికి చెప్పలేక, బాగుందని ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ అదే తింటూ వచ్చాను."

బిడ్డ సంగతా? నిక్షేపంలా పుట్టింది, బూరెల్లాంటి బుగ్గలేసుకుని.

కథేమో కంచి చేరింది,
కునుకేమో కంటికి చేరింది.
ఇక బజ్జో నా తల్లీ.