సుంకక్క పొయ్యి నిప్పు

ఊళ్లకు ఇంకా పేర్లు పెట్టని రోజులు. బాటలు ఇంకా పడని రోజులు. ఆ మిట్ట బీడులో గడ్డి మనిషి నడుముదాకా పెరిగి, గాలి వీస్తే ఏరులా పారే రోజులు. అప్పుడు ఆ బీడులో ఒక ముసలమ్మ ఉండేదట. పేరు సుంకక్క.

సుంకక్క మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్నవి మూడే. రాతిగోడల మీద గడ్డి కప్పిన కొట్టం, కొర్రా సజ్జా పండే చిన్న చేను, పాలిచ్చే మేకలు.

ఆ బీడులో అంగడి లేదు, సంత లేదు. ఉప్పు ఒక్కటే ఎప్పుడో ఒకసారి ఎద్దుల మీద వచ్చేది. మిగిలిందంతా ఎవరి చేతులతో వాళ్లు చేసుకోవలసిందే. దీపం కావాలంటే ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకోవాలి. వానాకాలం కూర కావాలంటే ఎండల్లోనే వంకాయలు తరిగి వరుగులు ఎండబెట్టుకోవాలి. రొట్టె కావాలంటే కోడి కూసేవేళకు విసుర్రాయి ముందు కూర్చోవాలి. ఇప్పటివాళ్లకు ఇదంతా కష్టంగా తోస్తుంది. కష్టమే, కాదనను. కానీ అప్పుడే విసిరిన పిండితో కాల్చిన సజ్జరొట్టె, దాని మీద ఇంత వెన్న, పక్కన రోట్లో నూరిన గోంగూర! సుంకక్క పెనం మీద రొట్టె పడితే, బీడులో పోయేవాడు దారి మరిచి ఆమె వాకిట్లో నిలబడేవాడట.

అన్నిటికంటే కష్టం నిప్పు. అగ్గిపెట్టె అప్పటికి లేదు. రాత్రి వంటయ్యాక పొయ్యిలో పిడక పెట్టి బూడిద కప్పాలి. పొద్దున బూడిద పక్కకు తోసి ఊదితే నిప్పు కళ్లు తెరవాలి. సుంకక్క ఇంట్లో ఉన్న నిప్పు ఆమె అత్త తెచ్చింది. ఆ బీడుకు కాపురం వచ్చినప్పుడు కుండలో నిప్పు పెట్టుకుని, నడిచినంత దూరం దానికి పిడక ముక్కలు తినిపిస్తూ వచ్చిందట. పోయేముందు ఆ అత్త కోడలి చేయి పట్టుకుని మూడు మాటలు చెప్పింది.

"నిప్పును ఆరనీయకు. అడిగినవాళ్లను ఉత్తచేతులతో పంపకు. శుక్రవారం మటుకు నిప్పును గడప దాటనీయకు."

సుంకక్క మాటిచ్చింది. ఇచ్చిన మాట నిలుపుకుంది.

చుట్టుపక్కల ఇంకొన్ని కొట్టాలుండేవి. అన్నిట్లోకీ దగ్గర హంపమ్మది. మంచి మనిషే, కానీ వొళ్లు వొంగదు. రాత్రి నిప్పు కప్పడం ఆమెకు బద్ధకం. పొద్దున పొయ్యి చల్లగా ఉంటే, "పోనీలే, సుంకక్క ఉంది కదా" అని ఒక పిడక పట్టుకుని వచ్చేది. ఆమెను చూసి పక్క కొట్టం ఓబన్న ఇంటివాళ్లు, "సుంకక్క ఉంది కదా" అన్నారు. వాళ్లను చూసి అవతలివాళ్లూ, "సుంకక్క ఉంది కదా" అన్నారు. ఇలా నిప్పు అందరి ఇళ్లలో ఆరి, ఒక్క ఇంట్లో మిగిలింది.

ఎండాకాలంలో సుంకక్క పిడకల గూడు పేర్చి, దాని మీద పేడ మెత్తేది. వాన పడినా లోపలి పిడకలు తడవకూడదని. వరుసగా వానలు సరిగా లేని ఏళ్లు. హంపమ్మ చూసి నవ్వింది.

"ఏం సుంకక్కా, ఈ ఎండలో నీ పిడకల్ని ఎవరు తడుపుతారని? ఆకాశానికేమన్నా చెమట పడతాందా?"

"పడితే అప్పుడు చూద్దువులే. నీ పిడకలు కూడా మెత్తుకోవే."

"నాకెందుకక్కా? నువ్వుండావు గదా."

"నేనేమన్నా రాతితో చేసినదాన్నా? రేపు పోతే?"

"నువ్వు పోవులే. నీ నోటికి భయపడి ఎవడూ నిన్ను తీసుకపోడు."

సుంకక్క పేడచేతితో కొట్టబోయింది. హంపమ్మ నవ్వుతూ పరిగెత్తింది.

ఆ ఏడు కొర్ర చేలు పొట్టకొచ్చినప్పుడు ముసురు పట్టింది. ఆ బీడు ఎన్నడూ చూడని ముసురు. నిన్న ఆగలేదు, ఇవాళ ఆగలేదు, రేపూ ఆగేలా లేదు. పేడ మెత్తకుండా వదిలేసిన పిడకల గూళ్లు కరిగి మళ్లీ పేడయిపోయాయి. కప్పులు కారి పొయ్యిల్లో నీళ్లు నిలిచాయి. అడిగి తెచ్చుకున్న నిప్పులన్నీ ఆరిపోయాయి. జనం నానబెట్టిన సజ్జలు నములుతూ వణుకుతూ కూర్చున్నారు.

ఆ ముసురులోనే హంపమ్మ కోడలు సిద్దక్క ప్రసవించింది. ఆడపిల్ల. తల్లికి వేడినీళ్లు లేవు, కాపడం లేదు. బిడ్డ వొళ్లు చల్లబడుతోంది. హంపమ్మ కొడుకు భీమలింగ తడిసి ముద్దై, గడ్డిలో పడుతూ లేస్తూ సుంకక్క కొట్టానికి వచ్చాడు.

"అవ్వా, నిప్పు!"

"ఎవరికిరా?"

"సిద్దక్క నీళ్లాడింది. బిడ్డ ఏడవడం కూడా మానేసిందవ్వా. ఇంత నిప్పియ్యి."

సుంకక్క కుండ అందుకోబోయి ఆగిపోయింది. ఆ రోజు శుక్రవారం. ఆమె పొయ్యి వంక చూసింది. గడప వంక చూసింది. తన చేయి పట్టుకున్న అత్త చేయి గుర్తొచ్చింది. ఎన్నడూ తప్పని మాట. ఇంకోపక్క ఇంకా పేరు కూడా పెట్టని బిడ్డ.

"శుక్రవారం రా, నాయనా" అంది మెల్లగా.

భీమలింగ గడప బయటే కూలబడ్డాడు. "అట్లయితే నా బిడ్డ పోయినట్టేనా అవ్వా?"

సుంకక్క చప్పున లేచి నిలబడింది.

"నోరు ముయ్యి. నిప్పు గడప దాటి పోగూడదన్నారు గాని, మనుషులు గడప దాటి రాగూడదని ఎవరూ అనలా. పో. తల్లినీ బిడ్డనూ ఇక్కడికే మోసుకరా. నీయమ్మను గూడా తీసుకరా. ఒకతే కూర్చుని ఏం చేస్తాది, ముక్కు చీదుకుంటా."

సిద్దక్కను మంచం మీద పడుకోబెట్టి, పైన గొంగళ్లు కప్పి, భీమలింగ, ఓబన్న మోసుకొచ్చారు. వాళ్ల వెనక హంపమ్మ. ఆమె వెనక ఓబన్న ఇంటివాళ్లు. వాళ్ల వెనక అవతలివాళ్లు. కొట్టమంతా మనుషులతో, మేకలతో నిండిపోయింది.

సుంకక్క బిడ్డను పొయ్యి దగ్గర ఒళ్లో పెట్టుకుని, అరచేతులు కాచి అరికాళ్లకు అద్దింది. చాలాసేపటికి బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు విని హంపమ్మ గోడకు తల ఆనించి తానూ ఏడ్చింది.

"ఏడ్చింది చాలు" అంది సుంకక్క. "విసుర్రాయి అదుగో. నా ఇంట్లో కూర్చుని తినేది లేదు. హంపీ, నువ్వు విసురు. ఓబన్నా, నువ్వు మేకపాలు పిండు."

"నాకు పిండడం రాదు సుంకక్కా."

"తాగడం వచ్చు గదా. నేర్చుకో."

సిద్దక్కకు శొంఠి, వెల్లుల్లి వేసి ఉలవకట్టు కాచారు. మిగిలినవాళ్లకు సజ్జ అంబలి. ఆ అంబలి లాంటిది మళ్లీ జన్మలో తాగలేదని వాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకునేవారట.

ఆ పగలంతా వాన ఆగలేదు. పేడ మెత్తిన గూట్లో మిగిలిన పిడకలు ఒక్క ఇంటికైతే చాలేవి. ఇంతమందికి సరిపోలేదు. పిడకలైపోయాయి. సుంకక్క మేకలదొడ్డి కర్రలు విరిచి పొయ్యిలో పెట్టింది. అవీ అయిపోయాయి. తన మంచం విరిచి పెట్టింది. అదీ అయిపోయింది.

"మూలన నాగలి ఉంది గదక్కా" అంది హంపమ్మ.

"నాగలి జోలికి పోవద్దు. ఈ వాన ఆగినాక దున్నేది దాంతోనే. ఇవాళ వేడికోసం రేపటి కూడు కాలుస్తావా?"

సుంకక్క చుట్టూ చూసింది. తలుపు కనబడింది. ఆమె మొగుడు చేసిన తలుపు. ఒక్క క్షణం దాని మీద చేయి పెట్టింది. తర్వాత భీమలింగను పిలిచి ఊడబీకమంది.

తలుపు బాగా కాలింది. కానీ గాలి తిరిగింది. అప్పటిదాకా కొట్టం వెనకవైపు కొట్టిన జల్లు ఇప్పుడు వాకిలి మీదకు వచ్చింది. గొంగడి కట్టారు. గాలి దాన్ని లాక్కుపోయింది. ఇంకోటి కట్టారు. అదీ పోయింది. కప్పు కూడా లేస్తుంటే, మగవాళ్లంతా బయటికి పోయి గడ్డికి తాళ్లు వేసి పట్టుకున్నారు. జల్లు నేరుగా పొయ్యి దాకా కొట్టింది. నిప్పు చుయ్యిమంది.

అప్పుడు సుంకక్క పోయి వాకిట్లో కూర్చుంది. వీపు వానకు, మొహం పొయ్యికి. కొంగు విప్పి రెండు చేతులా చాపి ఆ పక్క ఈ పక్క గోడలకు అదిమి పట్టుకుంది.

"నేను కూర్చుంటా, లెయ్యి సుంకక్కా!" హంపమ్మ ఆమె భుజం పట్టుకుంది.

"నువ్వు కూర్చుంటే నీ మనవరాల్ని ఎవరు చూస్తారు? పో, పొయ్యి దగ్గరికి పో."

"నాకు చాతకాదక్కా. ఆర్పేస్తా."

"ఆర్పవు. నేను చెప్తా, నువ్వు చెయ్యి. కట్టె అంతా ఒక్కసారి తొయ్యొద్దు. చివర పెట్టు. ఊ... ఇప్పుడు ఊదు. అంత గట్టిగా కాదే, బిడ్డ కంట్లో నలుసు ఊదినట్టు ఊదు."

హంపమ్మ ఊదింది. నిప్పు లేచింది. ఆమె జన్మలో మొదటిసారి పొయ్యి దగ్గరనుంచి కదలకుండా కూర్చుంది. సుంకక్క చెబుతూనే ఉంది. బూడిద ఇటు తియ్యి. ఆ నిప్పును అటు జరుపు. పెనం పెట్టు, వేడి వృథాగా పోనీయకు, రొట్టెలు కాల్చు. చెబుతున్న గొంతు సన్నబడింది. మాటకూ మాటకూ ఎడం పెరిగింది. చేతులు మాత్రం గోడ వదల్లేదు.

పశువులు ఇల్లు చేరే వేళకు గాలి పడిపోయింది. వాన వెలిసింది. పడమట ఎర్రగా పొద్దు కనబడింది. హంపమ్మ పరుగున వచ్చి సుంకక్కను పట్టుకుంది. వీపు బండలా చల్లగా ఉంది. పెదవులు కదిలాయి. హంపమ్మ చెవి దగ్గర పెట్టింది.

"రొట్టె మాడుతాందే, హంపీ."

అదే ఆమె చివరి మాట. తెల్లవారేసరికి సుంకక్క లేదు. ఆ తెల్లవారింది శనివారం. పొయ్యిలో నిప్పు ఉంది. అన్ని కొట్టాలవాళ్లూ కుండలు తెచ్చి ఆ నిప్పు తీసుకుపోయారు. అందరికంటే ముందు హంపమ్మ తీసుకుంది. ఆ రోజునుంచి ఆమె ఇంట్లో పొయ్యి చల్లబడింది ఎవరూ చూడలేదు.

బీడు ఇప్పుడు ఊళ్లయింది. పేర్లు వచ్చాయి, బాటలు పడ్డాయి, అగ్గిపెట్టెలు వచ్చాయి. అయినా ఆ మిట్ట ఊళ్లలో కొత్త ఇల్లు కడితే వాకిలికి వెంటనే తలుపు బిగించరు. ముందు ఇంటి ఆడవాళ్లు పొయ్యి వెలిగిస్తారు. అది వెలిగేదాకా ఆ ఇంట్లోకల్లా పెద్ద ఆవిడ వాకిట్లో కూర్చుంటుంది. వీపు బయటికి, మొహం పొయ్యికి. పిల్లలు ఎంత సందడి చేసినా ఆవిడ వెనక్కి తిరగదు. మొదటి రొట్టె కాలిన వాసన వచ్చాకే లేస్తుంది. ఆ తర్వాతే వడ్రంగిని పిలిచి తలుపు బిగిస్తారు.